అవినాశి రోడ్డులో పాత కార్లు, మా ఇంట్లో ఒక బాబిన్

38 ఏండ్లు రింగు ఫ్రేము ముందర నిలబడినవాణ్ణి నేను. కారు ఎక్కింది తక్కువ. పెండ్లికి ఒకసారి, ఆస్పత్రికి రెండు మూడుసార్లు, అంతే. అట్లాంటివాడు కార్ల మ్యూజియం గురించి రాస్తానంటే ఇంట్లో అందరూ నవ్వినారు. కానీ చూసి వచ్చినాక రాయకుండా ఉండలేకపోయినాను.

కోయంబత్తూరు అవినాశి రోడ్డులో జీడీ కార్ మ్యూజియం ఉంది. జి.డి. నాయుడుగారి పేరుమీద 2015లో తెరిచినారు. తొమ్మిదో తరగతి చదివే మా మనవడు "తాతా, పోదాం రా" అని నెల దినాలు వెంటపడినాడు. ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి పోయినాము.

మొదట బెంజ్ బండి. అసలుది కాదు, దాని మాదిరిగా చేసింది. మూడే చక్రాలు, చూస్తే రిక్షా మాదిరిగా ఉంది. 1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ దీనికి పేటెంటు తీసుకున్నాడు. కొనేవాళ్ళు మాత్రం రాలేదు. 1888లో ఆయన భార్య బెర్తా మొగుడికి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి ఫోర్జ్‌హైమ్‌కు నూరు కిలోమీటర్ల దాకా ఈ మాదిరి బండిమీదే పోయింది. అప్పుడు పెట్రోలు బంకులు ఎక్కడివి? మందుల షాపులో నూనె కొని పోసింది. గొట్టం అడ్డుకుంటే టోపీకి గుచ్చుకునే సూదితో తీసింది. బ్రేకు అరిగితే దారిలో చెప్పులు కుట్టేవాడి దగ్గర తోలు వేయించింది. రాత్రి షిఫ్టులో ఫిట్టరు రాకపోతే, చేతికి దొరికినదానితో మిషను నడిపించిన మనవాళ్ళకు ఆ తల్లి కష్టం బాగా అర్థమవుతుంది.

ఫోర్డు మోడల్ టి దగ్గర నేను చాలాసేపు నిలబడినాను. 1908లో వచ్చిన బండి అది. 1913లో ఫోర్డు ఫ్యాక్టరీలో కదిలే లైను పెట్టినారు. మనిషి బండి దగ్గరకు పోయేది లేదు, బండే మనిషి దగ్గరకు వస్తుంది. ఒక చాసిస్ బిగించడానికి 12 గంటల పైన పట్టేది, ఒకటిన్నర గంటకు వచ్చింది. బండి ధర దిగింది. కానీ లైను వేగానికి తాళలేక పనివాళ్ళు విడిచి విడిచి పోయినారు. అందుకని 1914లో రోజుకు 5 డాలర్ల కూలి, 8 గంటల పని అని చెప్పినాడు ఫోర్డు. ఈ మాట వింటే నాకు మా మిల్లు గుర్తుకొచ్చింది. రెండు సైడ్లు చూసేవాణ్ణి నాలుగు సైడ్లు చూడమన్నారు. కూలి మాత్రం రెండింతలు కాలేదు.

మన దేశం కథ వేరే. 1942లో హిందుస్థాన్ మోటార్స్, 1944లో బొంబాయి ప్రీమియర్ కంపెనీ మొదలైనాయి. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ బండే ఇక్కడ అంబాసిడర్ అయింది. 1957 నుంచి 2014 దాకా తయారైంది. ఇటలీ ఫియట్ తరువాత పద్మిని అయింది. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ హెరాల్డ్ బండి చేసింది. డబ్బు కట్టి ఏండ్ల తరబడి కాచుకున్నవాళ్ళు ఉన్నారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినాకనే మధ్యతరగతి ఇంటి ముందర కారు నిలబడింది.

ఇంక జి.డి. నాయుడుగారు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టినారు. బడి చదువు అంతంత మాత్రమే. మోటార్ సైకిలు కొనాలని హోటల్లో సర్వరుగా పని చేసి డబ్బు కూడబెట్టి, కొన్నాక దాన్ని విప్పి, బిగించి పని నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సు నడిపినారు. అదే పెరిగి యూ.ఎం.ఎస్. అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి మన దేశంలో మొదటి ఎలక్ట్రిక్ మోటారు చేసినారు. ఈ బాలసుందరం నాయుడుగారి టెక్స్‌టూల్ కంపెనీనే తరువాత మిల్లు మిషన్లు చేసింది. జి.డి. నాయుడుగారు 1952లో ఇద్దరు కూర్చునే కారు చేసినారు. ధర 2,000 రూపాయలు. లైసెన్సు దొరకలేదు. ఆ కారు జనం చేతికి రానే లేదు.

ఇదంతా విని బయటికి వస్తా ఉంటే మనవడు అడిగినాడు:

"తాతా, నువ్వు నడిపిన మిషన్ ఎక్కడుంది? అది కూడా చూద్దాం."

నాకు నోట మాట రాలేదు. నేను పని చేసిన మిల్లు మూసేసినారు. ఫ్రేములను గ్యాసుతో కోసి, లారీలకెక్కించి, తూకానికి అమ్మినారు. గేటు బయట నిలబడి చూసినాము. ఒక్క ఫ్రేమన్నా మిగల్చలేదు. అది ఉండిన చోట ఇప్పుడు ఇండ్లు లేచినాయి. ఈ ఊరు మిల్లులతో పెరిగిన ఊరే కదా!

"ఇంటికి పోదాం పద, చూపిస్తా" అన్నాను. పెట్టెలో ఒక చెక్క బాబిన్, నా హాజరు కార్డు ఉన్నాయి. మా ఆవిడ పారేస్తానంటే దాచినవి. దారం తెగితే ఎట్లా అతుకుతామో కొంచెం దూది పేని చూపించినాను. చూపు మందగించింది గాని వేళ్ళు మరిచిపోలేదు. "ఒక షిఫ్టులో ఎన్నిసార్లు అతుకుతావు తాతా?" అన్నాడు. లెక్క పెడితే కదా చెప్పడానికి!

మన కాలనీలో పిల్లలుండే ప్రతి ఇంటివాళ్ళూ ఒకసారి ఆ మ్యూజియానికి పోయి రండి. వచ్చినాక మీ ఇంటి అటకమీద కూడా వెతకండి. బాబిన్, గేటు పాసు, కూలి చీటీ, ఏది దొరికినా పాత సామాన్ల వాడికి వేయొద్దు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, అదేమిటో చెప్పండి.

మ్యూజియంలో ఒక్కొక్క కారు పక్కన పేరు, దేశం, సంవత్సరం రాసిన బోర్డు ఉంటుంది. మరుసటి రోజు చూస్తే మా బాబిన్ టీవీ పక్కకు వచ్చింది. దాని ముందర ఒక అట్టముక్క. అందులో మా మనవడు నా పేరు, నా టికెట్ నెంబరు, 38 సంవత్సరాలు అని రాసి పెట్టినాడు.