ఉమ్మడి లైబ్రరీల లోపము

 

హైదరాబాదు పాతనగరమునుండి మూసీనది దాఁటినచో సుల్తానుబజారునందు, 1901వ సంవత్సరమున స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము కలదు. అచట నొక్క గ్రంథము పలువురకు నుపయోగపడును. లినక్సు కంప్యూటరునందును ఇట్టి యేర్పాటే కలదు. తెరపైఁ గిటికీలను, మీటలను, అక్షరములను జూపు పనిని ప్రతి ప్రోగ్రాము వేఱుగా నేర్వక, ఉమ్మడి లైబ్రరీలనుండి యెరవు గొనును. అం దొక్కటి లోపించినను ప్రోగ్రాము తెఱువఁబడదు.

బొమ్మను నొక్కిన నేమియుఁ గానరాదు. అంతమాత్రమున యంత్రము చెడినదని తలఁచి ధనము వ్యయపఱుపరాదు. టెర్మినలునందు ప్రోగ్రాము పేరు వ్రాసి నడపినచో, లోపించిన లైబ్రరీ పేరు, ‘లిబ్‌జీటీకే-3’ వంటిది, వెల్లడియగును. నమ్మఁదగిన ప్రోగ్రామైనచో ‘ఎల్‌డీడీ’ యను నాజ్ఞ లోపములన్నిటిని ‘నాట్ ఫౌండ్’ అని చూపును. డెబియను, ఉబుంటులయందు ‘ఆప్ట్-ఫైల్’ అను సాధనము ఆ లైబ్రరీ యే ప్యాకేజీలో నున్నదో తెలుపును. పిదప ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ ఆజ్ఞచే దానిని దెచ్చుకొనవలయును.

ఒక్కొకప్పుడు లైబ్రరీ యుండియు లేదను మాట వచ్చును. గ్రంథము బీరువాలో నున్నను పట్టికకెక్కనిచో దొరకదు గదా! అపుడు ‘సుడో ఎల్‌డీకాన్ఫిగ్’ అనిన పట్టిక సరియగును. 32 బిట్ల ప్రోగ్రామునకు 64 బిట్ల లైబ్రరీ పనికిరాదు. 32 బిట్లదే తేవలయును.

వేఱొక సంపుటమునకు అట్ట మార్చి యిచ్చినట్లు, ఒక వెర్షను లైబ్రరీకి మఱియొక వెర్షను పేరు తగిలింపకుఁడు. అది తొలుత నడచినట్లు తోఁచి, పని నడుమ కూలి, వ్రాసికొన్నదానిని పోఁగొట్టును. యంత్రము తన కేమి కావలయునో తానే చెప్పుచున్నది. ఆ పంక్తిని సాంతముగాఁ జదువుటయే చికిత్సకు మొదలు.