క్రియాటినిన్ ఒక్కటే అడిగితే చాలదు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో బడి మొహం చూడని ముసలమ్మకు కూడా తెలిసిన ఇంగ్లీషు మాట ఒకటుంది: క్రియాటినిన్, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు పల్లెల్లో ఎవరైనా రక్తపరీక్ష చేయించుకొస్తే "ఎంతొచ్చింది?" అంటారు. ఏది ఎంతని విడమరచక్కర్లేదు. కొబ్బరి, జీడి, పనస తోటల ఆ నేలలో ఇంతమందికి కిడ్నీ జబ్బు ఎందుకు పుడుతోందో ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రినీ కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ తెరిచారు. హిరమండలం రిజర్వాయరు నీళ్లు తాగడానికి ఇవ్వడమూ అప్పుడే మొదలైంది.

ఇంత నలిగిన మాట పక్కనే, ఎవరూ పలకని మాట ఇంకొకటుంది. బైకార్బొనేట్. నన్నడిగితే సగం కథ అందులోనే ఉంది.

తిన్నది అరిగాక ఒంట్లో ఆమ్లం మిగులుతుంది, రోజుకు కిలో బరువుకు సుమారు 1 మిల్లీ ఈక్వివలెంట్. ఊపిరితో పోయేది కాదది. మూత్రపిండమే అమ్మోనియాతో జతచేసి బయటికి పంపాలి. ఆ పని కుంటుపడితే, ఆమ్లాన్ని అణచే బైకార్బొనేట్ ఖర్చయిపోతుంది. రక్తంలో 22 నుంచి 26 దాకా ఉండాల్సింది 15కో 12కో పడిపోతుంది. అప్పుడు మనిషి మంచం మీద కూర్చునే, మెట్లెక్కొచ్చినవాడిలా లోతుగా ఎగపీలుస్తుంటాడు. దగ్గుండదు, పిల్లికూతలుండవు. ఇంట్లోవాళ్లు ఉబ్బసమనుకుంటారు. ఒంట్లో నీరు చేరినా ఆయాసం వస్తుంది గానీ, ఈ తీరు వేరు. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను ఊదేసి కిడ్నీ చేయాల్సిన చాకిరీ చేస్తున్నాయి. ఎముకలు సున్నం కరిగించి ఇస్తాయి. కండ తరిగిపోతుంది.

ఈ స్థితిలో నోట్లో పడే ప్రతి మాత్రనూ అనుమానించాల్సిందే. కోలినర్జిక్ మందుల సంగతే చూడండి. నరం కబురును కండరానికి, గుండెకు, పేగుకు అందించే అసిటైల్‌కోలిన్ పనిని ఇవి పెంచుతాయి. నరాల కబురు రసాయనంతోనే నడుస్తుందని 1921లో ఓటో లోవీ కప్ప గుండెలతో నిరూపించాడు. 1934లో మేరీ వాకర్ అనే డాక్టరు, కండరాలు నీరసించే మయస్తీనియా జబ్బు రోగికి ఫైసోస్టిగ్మిన్ ఇస్తే, వాలిన రెప్ప లేచింది. దాని తోబుట్టువు పైరిడోస్టిగ్మిన్‌ను నేటికీ ఆ జబ్బుకు వాడుతున్నారు.

అయితే ఆ మందులో ఎక్కువ భాగం వెళ్లేది కిడ్నీ దారిలోనే. దారి మూసుకుపోతే నిన్నటి మాత్ర ఇంకా ఒంట్లో ఉండగానే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. చొంగ, కన్నీళ్లు, కడుపులో మెలిపెట్టడం, నాడి మందగించడం. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు చేసే పనీ ఇదే, కాకపోతే పట్టపగ్గాల్లేకుండా. అన్నిటికన్నా తంటా విరేచనాలతో. పేగు రసంలో బైకార్బొనేట్ ఉంటుంది. పోయినప్పుడల్లా అదీ పోతుంది. బాగున్న కిడ్నీ కొద్ది రోజుల్లో భర్తీ చేసుకుంటుంది. పాడైన కిడ్నీ ఎక్కడ తెస్తుంది? అలాగని మాత్ర సొంతంగా మానేస్తే మయస్తీనియా రోగికి ఊపిరే ఆగిపోవచ్చు. మోతాదు డాక్టరే తగ్గించాలి.

బైకార్బొనేట్ లోటు పూడ్చడానికి సోడియం బైకార్బొనేట్ మాత్రలున్నాయి. వంటసోడా కూడా అదేగా అని చెంచాడు కలుపుకుంటే మాత్రం సోడియం పెరిగి కాళ్లు వాస్తాయి, బీపీ ఎగబాకుతుంది. డయాలిసిస్ జరిగే నాలుగు గంటలపాటు డయాలిసిస్ ద్రవంలోని బైకార్బొనేట్ రక్తంలోకి ఎక్కుతుంది, ఎగశ్వాస తగ్గుతుంది.

ఇంకో ముప్పూ ఉంది: ఆమ్లం పెరిగితే కణాల్లోని పొటాషియం రక్తంలోకి వస్తుంది, గుండె లయ తప్పుతుంది. కొబ్బరినీళ్ల నిండా ఉండేదీ పొటాషియమే. అందుకే ఉద్దానంలో డయాలిసిస్ నుంచి ఇంటికొచ్చినాయన, తన చెట్టు నుంచే దింపిన బొండాన్ని పక్కింటి పిల్లల చేతిలో పెడతాడు.