గృహపరిచర్య

పసిబిడ్డకు పరిచర్య యెంత యవసరమో, మంచము పట్టిన ముదుసలికిని అంత యవసరము. కాని యీ రెంటికిని ఒక భేదము కలదు. బిడ్డ యేడ్చినచో ఇల్లంతయు పరుగెత్తి వచ్చును. ముదుసలి మూలిగినచో ‘ఎప్పుడును ఉన్నదే’ యని యూరకుందురు. బిడ్డ నానాటికి బలము పుంజుకొనును. ముదుసలి నానాటికి బలము కోల్పోవును. కావున ముదుసలి సేవకు ఓర్పు మాత్రమే చాలదు, తెలివియు కావలెను. వృద్ధులకు, పక్షవాతమున పడినవారికి, చూపు లేనివారికి, మతిమరుపు ముదిరినవారికి ఇంటియొద్దనే జరుగు సేవకు గృహపరిచర్య యని పేరు.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న సీమను నడిగడ్డ యందురు. అందలి ఇటిక్యాల పూర్వము మహబూబునగరు జిల్లాలో నుండెను. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లాలో నేడు చేరియున్నది. రెండు నదుల నడుమ నున్నను ఈ సీమ కరవు లెరుగనిది కాదు. పాలమూరు కూలీలు దేశమునందలి ఆనకట్టలకును, రహదారులకును, సౌధములకును రాళ్లు మోసినవారు. పనికై హైదరాబాదు, ముంబయి, పూణే నగరములకు పోవుట ఈ ప్రాంతమున తరతరముల వాడుక. వయసువారు వలసపోగా ఇండ్లలో ముసలివారును పసివారును మిగులుదురు. ఊరనున్న స్త్రీలును పత్తిచేలకు, మిరపతోటలకు కూలికి పోవుదురు. అట్టి యింట మంచముపైనున్న మనిషికి ప్రొద్దు క్రుంకువరకు దాహమిచ్చువా రెవరు? గృహపరిచర్యలోని మొదటి ప్రశ్న యిదియే. 2011వ సంవత్సరపు జనగణనము ననుసరించి మన దేశమున అరువది యేండ్లు దాటినవారు పది కోట్లకు మించియున్నారు. కావున ఈ ప్రశ్న ఒక్క ఊరిది కాదు.

వైద్యశాలలో పదిమంది కన్నులుండును. ఒకరు చేసిన పొరపాటును మరియొకరు కనిపెట్టుదురు. ఇంటిలోనో, తలుపు మూయబడియుండును. రోగి నోరు విప్పలేడు. విప్పినచో రేపటి కూడు దొరకునో దొరకదో యని జంకును. కావున సేవ చక్కగా జరుగుచున్నదా లేదా యనుటకు మాటలు గాక గుర్తులే సాక్ష్యము. ఎండిన పెదవులు, మాసిన పక్క, పెరిగిన గోళ్లు, ఒడలిపై కమిలిన మచ్చలు, అడుగుల చప్పుడు విన్నంతనే బెదరు చూపు — ఇవి నోరులేని ఫిర్యాదులు.

పరిచర్యలో మొదట తెలియదగినది పడకపుండు. ఒకే ప్రక్కకు పరుండియున్నచో ఎముకకును పరుపునకును నడుమ చర్మము నలిగి, అచ్చట రక్తము ప్రసరింపదు. తొలుత ఎర్రని మచ్చ కనబడును. వ్రేలితో అదిమినను ఆ యెరుపు పోదు. అప్పుడే మేలుకొనవలెను. ఉపేక్షించినచో అది ఎముకవరకును లోతైన పుండగును. ఇంచుమించు రెండు గంటల కొకమారు రోగిని ప్రక్క మార్చుట, పక్కను పొడిగా నుంచుట దీనికి తగిన నివారణము.

రెండవది భోజనము. పరుండియున్నవారి నోట అన్నము పెట్టరాదు. మెతుకు ఊపిరితిత్తులలోనికి జారినచో ప్రాణాపాయము. కూర్చుండబెట్టి, చిన్న ముద్దలుగా, మ్రింగినపిదప మరియొక ముద్ద యిడవలెను. తినినవెంటనే పరుండబెట్టక అర్ధగంట కూర్చుండనీయవలెను. మూడవది పడిపోకుండ కాచుట. తడిసిన స్నానపుగది, చీకటి గది, ఎత్తైన గడప ముసలివారికి శత్రువులు. రాత్రి ఒక చిన్న దీపము, పట్టుకొనుటకు ఒక కొయ్య యున్నచో విరుగవలసిన తుంటియెముక విరుగదు. నాల్గవది మందులు. ఏ మందు ఏ వేళ ఇచ్చిరో ఒక పుస్తకమున వ్రాయవలెను. ఒకపూట మరచితిమని మరుపూట రెండింతలు ఈయరాదు. వీటన్నిటికిని ముందు చేతులు సబ్బుతో కడుగుకొనుట తప్పనిసరి.

సేవచేయువారిని మరచుట తగదు. పగలెల్ల చేనిలో వంగి, రాత్రియెల్ల మేలుకొను కోడలి నోట ఒకనాడు కటువైన మాట వచ్చుట వింత కాదు. ఆమెకు నిద్ర లేనిచో రోగికి శాంతి లేదు. కుమారులు, కుమార్తెలు, ఇరుగుపొరుగువారు వంతులవారీగా తోడుపడవలెను. నగరములలో జీతమునకు పరిచారకులను పంపు సంస్థలు కలవు. వచ్చువా రెవరో, ఏ శిక్షణ పొందిరో విచారింపక మంచములోని మనిషిని వారికి వదలరాదు.

ఇంటికి పోయి సేవచేయు పద్ధతికి చక్కని చరిత్ర కలదు. 1859లో ఇంగ్లండునందలి లివర్‌పూల్ నగరమున విలియం రాత్‌బోన్ అను వర్తకుడు, తన భార్యకు అంత్యకాలమున పరిచర్య చేసిన మేరీ రాబిన్సన్ అను నర్సును పేదల యిండ్లకు పంపెను. అచ్చటి దుఃస్థితిని చూడలేక ఆమె కొలదికాలమునకే మానుకొనదలచెను; అతడు ధైర్యము చెప్పగా కొనసాగించెను. పిదప ఫ్లారెన్స్ నైటింగేల్ సలహాతో ఆ నగరమున నర్సుల శిక్షణాలయము వెలసెను. మన పొరుగున కేరళమున 1993లో కోళికోడులో ఆరంభమైన ఉపశమన సేవ, గ్రామస్థుల తోడ్పాటుతో పల్లెలకు ప్రాకెను. 2008లో ఆ రాష్ట్రము దానికై ఒక విధానమునే ప్రకటించెను. తెలంగాణమునను ‘ఆలన’ యను పేర ఇట్టి సేవ రోగుల యిండ్లకు చేరుచున్నది. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషనుతో ఏర్పడిన ఆశా కార్యకర్తలు పల్లెయందు అందరికంటె ముందు తలుపు తట్టగలవారు.

చట్టమును తోడుగా నున్నది. 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము ననుసరించి, పోషింపని బిడ్డలపై వృద్ధులు ట్రిబ్యునలునకు మొర పెట్టుకొనవచ్చును. వృద్ధుని దిక్కులేక విడిచిపెట్టినవారికి మూడు నెలలవరకు చెర గాని, ఐదువేల రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. 14567 అను సంఖ్యకు దూరవాణిలో చెప్పుకొన్నను వృద్ధులకు సాయము లభించును. 2014లో మొదలైన ఆసరా పింఛను వృద్ధుని చేతి సొమ్ము. దానిని పుచ్చుకొని ఆయనకు గంజి పోయుట సేవ కాదు.

అయినను చట్టము తలుపువరకే రాగలదు. మంచముకడకు రావలసినది మనుష్యుడే. బాలురారా! మీ వీథిలో అట్టి ముదుసలి యున్నచో, బడి విడిచినపిదప ఒకమారు పోయి పలుకరింపుడు. చెంబెడు నీళ్లు అందింపుడు. పెదవు లెండియున్నవో, పక్క తడిసియున్నదో చూచి పెద్దలకు చెప్పుడు. మూసిన తలుపు వెనుక నున్నవారికి, తమ్మును చూచువా రొకరున్నారను నమ్మకమే సగము బలము.