వెయ్యి లోపు పాట

మా ఇంట్లో స్పాటిఫై ఖాతా ఒక్కటే, వినేవాళ్ళం ముగ్గురం. నాన్నకి ఇళయరాజా తమిళ పాటలు, అమ్మకి ఘంటసాల, నాకు ఏది దొరికితే అది. అందుకే ప్రతి సోమవారం 'డిస్కవర్ వీక్లీ'లో వచ్చే 30 పాటలూ దాదాపు సినిమావే. యాప్‌ని అని లాభం లేదు. మనలాగే వినేవాళ్ళు ఇంకేం విన్నారో చూసి, ముఖ్యంగా ఆ లెక్క మీదే అది మనకి పాటలు తెచ్చిస్తుంది. ఎక్కువమంది వినేది సినిమా పాట కాబట్టి, సొంతంగా పాటలు కట్టి పెట్టుకునేవాళ్ళు అడుగున పడిపోతారు.

ముందు చెయ్యాల్సింది, అమ్మ ప్లేలిస్టు తెరిచి 'ఎక్స్‌క్లూడ్ ఫ్రమ్ టేస్ట్ ప్రొఫైల్' నొక్కడం. పాటలు ఎక్కడికీ పోవు, లెక్కలోంచి తప్పుకుంటాయి అంతే. (అమ్మకి చెప్పి చెయ్యండి. నేను చెప్పలేదు.)

తర్వాత తెలిసిన ఒక పేరు పట్టుకోండి. నేను హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తాతో మొదలుపెట్టాను. వాళ్ళ పేజీలో 'ఫ్యాన్స్ ఆల్సో లైక్' అని ఉంటుంది గానీ, అక్కడా పేరున్నవాళ్ళే ఎక్కువ. 'డిస్కవర్డ్ ఆన్' చూడండి. వినేవాళ్ళకి ఆ బ్యాండు ఏయే ప్లేలిస్టుల్లో తగిలిందో అక్కడ ఉంటుంది. వాటిలో కొన్ని మనలాంటివాళ్ళు ఎవరో కూర్చుని ఏరి పెట్టినవి. నాకు మంచివన్నీ వాటిలోనే దొరికాయి. పాట పక్కన మూడు చుక్కలు నొక్కి క్రెడిట్స్ కూడా చూస్తాను. రాసింది, పాడింది, బాణీ కట్టింది ఒక్కరే అయితే తప్పకుండా వింటాను.

అలా దొరికిన ఒక పాటలో అమ్మాయి 'ఏమిటికి', 'ఆడికి' అంటూ పాడుతుంది. తిరుత్తణి పక్క పల్లెలో మా అవ్వ మాట్లాడే తెలుగు అది. క్లాసులో ఆ మాట నోట్లోంచి వస్తే వెంటనే దిద్దుకుంటాను నేను. అవ్వకి వినిపిస్తే, "ఈ పిల్ల మన ఊరిదా?" అనింది.

ఆ పాట ఎన్నిసార్లు విన్నారో చూస్తే అంకె లేదు, వెయ్యి లోపు అన్న గుర్తే ఉంది. 2024 నుంచి స్పాటిఫైలో, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినని పాటకి రికార్డింగ్ రాయల్టీ రాదు. ఒక్కరే వెయ్యిసార్లు తిప్పినా చాలదు, వినేవాళ్ళు కూడా కొంతమంది ఉండాలి. 30 సెకన్లు వింటేనే ఒకసారి కింద లెక్క. ఇరవై సెకన్లకే దాటేసి 'సూపర్' అని స్టేటస్ పెడితే ఆ అమ్మాయికి ఒరిగేదేం లేదు.

మన క్లాసులో నలభై మందిమి. ఏడాదిలో తలా ఇరవై అయిదుసార్లు వింటే వెయ్యి. నచ్చితేనే లెండి. పాట పేరు కావాలంటే లంచ్‌లో అడగండి, ఇయర్‌ఫోన్ తెస్తాను.