ముర్రా అనే పేరు ఎట్లా వచ్చింది?

గుడివాడ, బందరు, దివిసీమ ప్రాంతాల పాల సంఘాలకు మేము వెళ్ళినప్పుడు ‘మాది ముర్రా గేదె’ అనే మాట తరచు వింటూ ఉంటాము. పేరు వినగానే ముర్రుపాలు గుర్తుకు రావచ్చు గాని, ఆ రెంటికీ సంబంధం లేదు. ఇది ఉత్తరాది మాట. మెలితిరిగినది అని దాని అర్థం. హర్యానాలోని రోహ్‌తక్, హిస్సార్, జింద్ ప్రాంతాలు ఈ జాతికి పుట్టిల్లు. కొమ్ములు పొట్టిగా ఉండి, బిగువుగా చుట్టలు తిరిగి ఉంటాయి గనుక ఆ పేరు వచ్చింది.

చాలా జాతులకు ఊరి పేరే జాతి పేరు. మన ఒంగోలు జాతిని బ్రెజిల్ దేశంలో ‘నెలోర్’ అంటారు. 1904 వరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ జిల్లా పేరే అక్కడ నిలిచింది. ముర్రాకు మాత్రం ఊరి పేరు కాక కొమ్ము పేరు వచ్చింది.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. కొమ్ము తిరిగితే చాలు, ముర్రా అని ధర చెబుతారు. కాని కొమ్ము పాలివ్వదు. నాటు గేదెకు మేలుజాతి ముర్రా వీర్యంతో పుట్టిన పెయ్యలో ముర్రా రక్తం సగమే. ఆ పెయ్యను మళ్ళీ ముర్రాతోనే కట్టిస్తే రెండవ తరంలో నూటికి 75, మూడవ తరంలో 87.5 వంతులు అవుతుంది. వీటిని గ్రేడెడ్ ముర్రా అంటారు. వీటిలో మంచి పాడి గేదెలు ఉన్నాయి. అయితే ఏ తరమో కొమ్ము చూసి చెప్పలేము.

కాబట్టి కొనేముందు ఈ క్రింది విషయాలు గమనించవలెను.

1. ఒక పూట పితకకుండా ఆపి పొదుగు నిండుగా చూపే అమ్మకందారులు ఉన్నారు. ఎదుట ఉండి పూర్తిగా పితికించి, ఆ తరువాత వరుసగా రెండు పూటల పాలు కొలిపించవలెను.

2. ఎన్నవ ఈత, ఈని ఎన్ని నెలలైనది అడగవలెను. పళ్ళు చూడవలెను.

3. నాలుగు చన్నులూ పితికి చూడవలెను. పాలకు వెన్న పరీక్ష చేయించవలెను.

4. తల్లి పాడి, కట్టిన దున్న వివరాలు అడగవలెను. మన ఇంట పుట్టే పెయ్యలకు కూడా ఇంజక్షను తేదీ, దున్న నంబరు పుస్తకంలో వ్రాసి ఉంచవలెను.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమలో మందలకు మందలు కొట్టుకుపోయాయి. పాడిపశువు పోతే సంసారం ఏమవుతుందో అక్కడివారికి ఒకరు చెప్పనక్కరలేదు. అప్పు తెచ్చి, పేరు నమ్మి వట్టి గేదెను కట్టుకున్నా నష్టం తక్కువ కాదు. పేరుకు ధర కట్టవద్దని, పాలకు, ఈతకు, ఆరోగ్యానికి ధర కట్టవలసినదని సభ్యులకు మా మనవి.