కొలువు ముందు బుల్లి ఊరు

ధనుర్మాసం వచ్చిందంటే మన ఇళ్ళలో అటక మీది బొమ్మల పెట్టె కిందికి దిగుతుంది. భోగినాడు మెట్లు కట్టి, దుప్పటి పరిచి, దేవుళ్ళను పైమెట్టు మీద, తక్కినవాటిని కింద సర్దుతాం. ఇది అందరూ చేసేదే. మెట్ల ముందు నేలమీద బుల్లి ఊరు కట్టడం మాత్రం కొందరికే ఉండే సరదా. పూరిళ్ళు, గుడి, చెరువు, గడ్డివాము, గిలకబావి, ఎడ్లబండి, అన్నీ ఉండాల్సిందే! మా తిరువూరులో మా వీధిలోనే అలాంటివాళ్ళం నలుగురం ఉన్నాం. వంటలయ్యాక ఒకరింట్లో చేరి అట్టముక్కలు కత్తిరించుకుంటూ, ఒకరి పనికి ఒకరం సాయం చెప్పుకుంటూ ఉంటాం. ఆ ముచ్చట్లలో తేలిన సంగతులు మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు కొలత

చాలామంది కొలువుల్లో చూడండి, ఇంటికన్నా కోడిపుంజు పెద్దదిగా ఉంటుంది. బొమ్మలు మంచివే, కొలతే కుదరలేదు. అసలు అడుగుకి అర అంగుళం చొప్పున లెక్క పెట్టుకోండి. అంటే 24వ వంతు అన్నమాట. అయిదున్నర అడుగుల మనిషి రెండుముప్పావు అంగుళాలు, 6 అడుగుల తలుపు 3 అంగుళాలు, 12 అడుగుల పాక 6 అంగుళాలు వస్తాయి. ఈ లెక్కన 40 అడుగుల తాటిచెట్టు 20 అంగుళాలవుతుంది, మెట్లకే అడ్డం. అందుకని చెట్లను వెనక వరసలో పెట్టి కాస్త పొట్టిగా చేయండి. దూరంగా ఉన్నట్టు కనిపిస్తాయి, ఊరూ పెద్దదనిపిస్తుంది. లెక్కలు రావని భయపడకండి. రెండుముప్పావు అంగుళాల పుల్ల ఒకటి కోసి దగ్గర పెట్టుకుంటే అదే మీ ‘మనిషి’. ఏది కట్టినా పక్కన నిలబెట్టి చూసుకోవడమే.

ఇంట్లో ఉన్నవి చాలు

మామిడికాయల అట్టపెట్టెలు గోడలకి, శుభలేఖల అట్ట తలుపులకి, కొబ్బరి ఈనెలు కంచెకి, వాసాలకి, చీపురు పుల్లలు పైకప్పుకి పనికొస్తాయి. ఫెవికాల్ మందంగా పూస్తే అట్ట తడిసి వంకర తిరుగుతుంది. పలచగా పూసి, ఆరేదాకా పైన బరువు పెట్టండి. థర్మోకోల్ మీద థిన్నర్ కలిపిన రంగు వేయకండి, కరిగి గుంటలు పడుతుంది. నీళ్ళ రంగులే వాడండి. మట్టిగోడలా గరుకుగా కావాలంటే పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రుబ్బి పూయండి. మన అమ్మమ్మలు చేటలకి పూసింది ఇదే కదా!

కొండపల్లివారి పాఠం

కొండపల్లి మా జిల్లాలోదే, మైలవరం మీదుగా వెళ్ళి రావచ్చు. అక్కడ బొమ్మలు చేసేవాళ్ళు పని చేస్తుంటే కాసేపు చూస్తే సగం విద్య వస్తుంది. వాళ్ళు వాడేది తేలికైన తెల్ల పొణికి కర్ర. ముందు దాన్ని బాగా ఆరబెట్టి చెమ్మ తీసేస్తారు. కాళ్ళు, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అరగదీసి, సున్నం పూసి, ఆ తర్వాతే రంగు. ఏ మెట్టూ ఎగరగొట్టరు. మనకు తొందరెక్కువ, ఆరకముందే రంగు పూసేస్తాం! ఒక్కమాట. పొణికి కర్ర ఇదివరకులా సులువుగా దొరకడం లేదు. అంచేత వాళ్ళ దగ్గర కొనేటప్పుడు పది రూపాయల కోసం గీచిగీచి బేరమాడకండమ్మా.

సలహా చెప్పడమూ ఒక పనే

మా వీధికి కొత్తగా కాపురానికొచ్చిన ఒక కోడలుపిల్ల మొదటి ఏడు గుడి కట్టింది. గోపురం కొంచెం ఒరిగింది. పేరంటానికొచ్చిన ఒకావిడ ‘‘ఇదేంటే, నీ గుడి మొక్కేవాళ్ళ నెత్తిన పడేలా ఉంది’’ అంది. అందరూ నవ్వారు. ఆ పిల్లా నవ్వింది. మర్నాడు గుడిని చించి పొయ్యిలో పెట్టేసింది. రెండేళ్ళు కత్తెర ముట్టలేదు.

మూడో ఏడు మా ఎదురింటి పిన్నిగారు ఈనెల కట్ట పట్టుకెళ్ళి, ‘‘నాకు కళ్ళు ఆనడం లేదు అమ్మాయ్, ఈ కంచె కాస్త కట్టిపెట్టు’’ అన్నారు. కంచె అయ్యాక బావి, బావి అయ్యాక పాక... గుడి మాట మాత్రం ఆవిడ ఎత్తలేదు. సంక్రాంతి పది రోజులుందనగా ఆ పిల్లే అడిగింది, ‘‘పిన్నిగారూ, గోపురం ఎందుకొరుగుతుంది?’’ అని. అప్పుడు చెప్పారు, లోపల నిలువుగా ఒక పుల్ల నిలబెట్టి, అడుగున కాస్త బరువు పెట్టాలని. ఇవాళ మా నలుగురిలో గోపురం తిన్నగా నిలబెట్టేది ఆ పిల్లే.

అందుకే మేమొక పద్ధతి పెట్టుకున్నాం. ముందు బాగున్నదేదో గుర్తుపట్టి చెప్పాలి. ‘బాగుంది’ అని ఊరుకోకుండా ‘బావి గిలక బాగా కుదిరింది’ అనాలి. అడిగితేనే తప్పు చూపాలి, అదీ ఒక్కటే. నలుగురి ముందు అసలు అనకూడదు. కొత్తవాళ్ళను మొదటి ఏడే ఊరంతా కట్టమనకుండా ఒక పాక, ఒక బావి చాలనాలి. మీ అబ్బాయి ప్లాస్టిక్ విమానాల కిట్లు అతికిస్తుంటాడా? వాడి దగ్గరా ఇదే పద్ధతి పాటించండి.

పిల్లలాటేనా?

‘ఈ వయసులో బొమ్మలేంటి?’ అనేవాళ్ళు ఇంట్లోనే ఉంటారు. వాళ్ళకిది చెప్పండి. ఇంగ్లండులో విండ్సర్ కోటలో మేరీ రాణిగారి బొమ్మరిల్లు ఉంది. అడుగుకి అంగుళం లెక్కన 1921-24 మధ్య తయారైంది. అందులో కరెంటు దీపాలు వెలుగుతాయి, కుళాయిల్లో నీళ్ళొస్తాయి. దాన్ని రూపొందించింది ఎవరనుకున్నారు? మన ఢిల్లీ రాష్ట్రపతి భవనాన్ని రూపొందించిన లుట్యెన్స్ గారే! అంతటివాడికి లేని నామోషీ మనకెందుకు?

పండగ అయ్యాక అన్నీ అట్టపెట్టెలో సర్ది, ఎండిన వేపాకు వేసి, చెమ్మ తగలనిచోట దాచండి. ఒరిగిందో, విరిగిందో అని దేన్నీ పారేయకండి. పైఏడు దాని పక్కన కొత్తది పెట్టి చూసుకుంటే మీ చెయ్యి ఎంత తిరిగిందో మీకే తెలుస్తుంది. ఈ సంక్రాంతికి ఒక్క పాకతో మొదలుపెట్టండి. పక్కింటావిడనీ కూడా కూర్చోబెట్టుకోండి.