చిన్నపిల్లల చదువుకు ఇంటి ఆసరా



జ్వరమని, దగ్గని పిల్లలను మా ఆసుపత్రికి తీసుకువచ్చే తల్లులు, మందుల చీటీ చేతికి వచ్చాక మెల్లగా ఇంకో మాట అడుగుతుంటారు. "సిస్టర్, వీడికి చదువు ఎక్కడం లేదు. ఏదైనా టానిక్కు వ్రాయిస్తారా?" ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లల గురించే ఈ ప్రశ్న ఎక్కువ. చదువు ఎక్కించే టానిక్కు ఏదీ లేదు. అయితే ఇంట్లో మీరు చేయగలిగినది చాలా ఉంది. డాక్టరుగారు చూడవలసినది కూడా కొంత ఉంది.

ముందుగా ఒక మాట. మీ బిడ్డ ఒక్కడే వెనుకబడ్డాడని కుమిలిపోవద్దు. 2024లో మన దేశపు గ్రామాలలో జరిపిన అసర్ సర్వేలో, 3వ తరగతి పిల్లలలో 2వ తరగతి పాఠాన్ని చదవగలిగినవారు సుమారు 27 శాతమే. కాబట్టి "మొద్దు", "దద్దమ్మ" అనే మాటలు ఇంట్లో వినపడకూడదు. ఆ మాట పడిన బిడ్డ పుస్తకం చూస్తేనే భయపడతాడు.

మొదట కళ్లు, చెవులు, రక్తం

చూపు తక్కువైన బిడ్డ "నాకు కనబడటం లేదు" అని చెప్పడు. లోకం అందరికీ అలాగే కనబడుతుందని అనుకుంటాడు. బోర్డు మీది అక్షరాలు తప్పు వ్రాసుకురావడం, పుస్తకం ముక్కుకు ఆనించి చదవడం, కళ్లు చికిలించడం, టీవీకి దగ్గరగా జరగడం గమనిస్తే కంటి పరీక్ష చేయించండి. అలాగే చెవిలో చీము కారుతున్నా, రెండు మూడుసార్లు పిలిస్తేగాని పలకకపోయినా చెవులు చూపించండి. "ద", "ధ" తేడా వినబడని బిడ్డ వాటిని సరిగా ఎలా వ్రాస్తాడు?

రక్తహీనత ఉన్న బిడ్డ త్వరగా అలసిపోతాడు, పాఠం మీద మనసు నిలపలేడు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 5 ఏళ్లలోపు పిల్లలలో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. వారే తర్వాత బడికి వెళ్లే పిల్లలు. తోటకూర, గోంగూర, పప్పు, గుడ్డు పెట్టండి. కూర మీద నిమ్మరసం పిండితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనంతోపాటు టీ ఇవ్వకండి. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పక వేయించండి. ఉదయం ఖాళీ కడుపుతో పంపవద్దు. ఈ వయసు పిల్లలకు రాత్రి కనీసం 9 గంటల నిద్ర కావాలి.

"నాకు ఇంగ్లీషు రాదు, నేనేం చెప్పను?"

2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ బడులలో కూడా 1వ తరగతి నుండే ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంట్లో మాత్రం తెలుగే. అందుచేత చాలామంది తల్లులు పక్కకు తప్పుకొని బిడ్డను ట్యూషనుకు అప్పగిస్తున్నారు. అలా తప్పుకోనక్కర లేదు. తెలుగులో అక్షరానికి, శబ్దానికి పొంతన ఉంటుంది. గుణింతాలు, ఒత్తులు వచ్చిన బిడ్డ కొత్త మాటనైనా కూడబలుక్కొని చదవగలడు. అలా ఒక భాషలో చదవడం పట్టుబడితే రెండవ భాషకు అది మెట్టు అవుతుంది. పాఠంలోని కథను తెలుగులో మాట్లాడుకున్న బిడ్డకు ఇంగ్లీషులో దాని అర్థం తేలికగా అందుతుంది.

రోజూ పావుగంట

టీవీ, సెల్‌ఫోను కట్టేసి రోజూ ఒకే వేళకు 15 నిమిషాలు బిడ్డ పక్కన కూర్చోండి.

1. మొదటి 5 నిమిషాలు బిడ్డ పైకి చదవాలి. మాటల కింద వేలు జరుపుతూ చదవనివ్వండి.
2. ఎక్కడైనా ఆగితే మనసులో ఐదు లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే ఆ మాట మీరే చెప్పి ముందుకు సాగండి. తిట్టవద్దు, కొట్టవద్దు.
3. తర్వాత 5 నిమిషాలు మీరు చదవండి, బిడ్డ వినాలి.
4. చివరగా మాట్లాడుకోండి. "ఏం జరిగింది? ఎందుకలా చేశాడు? నువ్వైతే ఏం చేసేదానివి?"

కొందరు పిల్లలు పాఠమంతా గడగడా అప్పగిస్తారు. చదువు వచ్చిందని మనం మురిసిపోతాము. ఒకసారి పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేమిటి?" అని అడగండి. చెప్పలేకపోతే అది కంఠతా పట్టిన పాఠమే. అక్కడినుండి అక్షరాలు మళ్లీ మొదలుపెట్టండి. "మ-య", "ప-వ-ష" వంటి పోలిక ఉన్న అక్షరాలను రెండేసి చొప్పున పలక మీద వ్రాయించండి.

చదువు రాని తల్లి, నాయనమ్మ కూడా చేయవచ్చు. "నాకు చదివి వినిపించమ్మా" అని అడిగితే బిడ్డ టీచరమ్మలా కూర్చుని చదువుతుంది. మోండా మార్కెట్‌కు వెళ్లేటప్పుడు బస్సు బోర్డులు, దుకాణాల పేర్లు చదివించండి. కుటుంబ ప్రార్థనలో ఒక చిన్న వచనం బిడ్డచేత చదివించండి. రాత్రి కథ చెప్పండి. కథలు విన్న బిడ్డకు మాటలు ఎక్కువ తెలుస్తాయి, తెలిసిన మాటను చదవడం సులువు.

ఎప్పుడు చూపించాలి?

5, 6 ఏళ్లకు అక్షరాలు తిరగేసి వ్రాయడం మామూలే. అయితే తెలివిగా మాట్లాడే బిడ్డ, ఇంత సాయం చేసినా 8 ఏళ్లకు కూడా అక్షరాల దగ్గరే తడబడుతుంటే పిల్లల డాక్టరుకు చూపించండి. అది డిస్లెక్సియా కావచ్చు. అది తెలివి తక్కువతనం కాదు, వేరే పద్ధతిలో నేర్పితే నేర్చుకుంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇటువంటి పిల్లలను గుర్తించింది. నడక, మాట అన్నీ ఆలస్యమైన పిల్లల కోసం మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే 1984 నుండి జాతీయ సంస్థ ఉంది. ఎన్.ఐ.ఎం.హెచ్. అని చాలామందికి తెలిసిన ఆ సంస్థను ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు. అక్కడికి వెళ్లడానికి సిగ్గుపడవద్దు.

తిమోతికి చిన్ననాటినుండే లేఖనాలు తెలుసునని బైబిలు చెబుతుంది. అతని విశ్వాసం గురించి చెప్పేటప్పుడు అవ్వ లోయిని, తల్లి యునీకేను పౌలు పేరుపెట్టి తలచుకున్నాడు. మన ఇళ్లలోనూ అవ్వలు, తల్లులు ఉన్నారు. ఈ రాత్రే పావుగంట కేటాయించండి. ఈసారి బిడ్డను మా దగ్గరకు తెచ్చినప్పుడు నోటుబుక్కు కూడా వెంట తెండి, కలిసి చూద్దాము.